రాజు మెడ మీద గీత

తామ్రకూట నగరంలో ఎండ రెండుసార్లు కాస్తుందని బాటసారులు చెప్పుకునేవారు. ఒకసారి ఆకాశం నుంచి, ఇంకోసారి రాగిరేకులు తాపిన కోట బురుజుల నుంచి. మిట్టమధ్యాహ్నం వేళ ఆ వీధుల్లో నడిచేవాడికి తన నీడ కూడా ఎర్రగా కనిపించేది. రాజుగారి నాణేలు ముద్రించే కమ్మటం ఆ ఊరి నడిబొడ్డున ఉంది. దాని గోడలు ఏనుగు ఎత్తు. దాని ముంగిట నిలిచిన జెండా కంబం అంతకు మూడింతలు. లోపల నలభై సమ్మెటలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మోగుతూనే ఉండేవి. ఆ చప్పుడు ఆగితే ఊళ్ళో పసిపిల్లలు నిద్రలేచి ఏడ్చేవారట.

ఆ రోజు ఆ చప్పుడు ఆగింది. కమ్మటీలంతా సమ్మెటలు వదిలి ముంగిట్లోకి వచ్చారు. అందరి కళ్ళూ నేల మీద సన్నగా పడి ఉన్న కంబం నీడ మీదే ఉన్నాయి. ఆ నీడ తూర్పుగా మూడు జానలు జరిగితే ఒక నల్లరాతి దిమ్మను తాకుతుంది. అది తాకిన క్షణాన, దిమ్మకు కట్టి ఉంచిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోతుంది.

ఆ చెయ్యి ఉప్పు అమ్ముకునే ఒక చిన్న సెట్టిదని జనం అనుకుంటున్నారు. కాని ఆ తలపాగా కింద, అంటించిన ఆ నూనూగు మీసం వెనక ఉన్నది ఇంద్రనీలపురం రాకుమారి మకరందిక. ఏడాది కిందట ధూమకేశుడనే మాంత్రికుడు ఆమె తమ్ముడు జయసేనుణ్ణి ఎత్తుకుపోయాడు. తరువాత తామ్రకూటం చేరి, ముసలి రాజు మనసును మంత్రంతో కట్టేసి, కమ్మటానికి అధిపతి అయి కూర్చున్నాడు. పిల్లవాణ్ణి ఎక్కడ దాచాడో మాత్రం ఎవరికీ తెలియదు. అది తెలుసుకోవాలనే మకరందిక ఉప్పు బస్తాలతో ఊళ్ళోకి వచ్చింది. ఆమె వెంట ఎద్దులు తోలేవాడి వేషంలో సారంగుడు వచ్చాడు. అతను షరాబుల ఇంట పుట్టినవాడు, నాణేన్ని పట్టుకుని దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవాడు.

ఆ ఉదయం ఇద్దరూ ధూమకేశుడి వంటశాలకే రెండు బస్తాల ఉప్పు అమ్మారు. బస్తాలు దించే నెపంతో ఇల్లంతా గాలించారు. జయసేనుడి జాడ లేదు. వంటశాల అధికారి ఇచ్చిన పన్నెండు రాగి కాసులు మకరందిక మొలలో దోపుకుంది. సారంగుడు వాటి వంక చూడలేదు. ఎద్దులు తోలేవాడు కాసులు తిప్పి తిప్పి చూస్తే అనుమానం వస్తుందని అతను కావాలనే మొహం తిప్పుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చూడకుండా వదిలేసిన కాసులు అవే.

ఉత్తర ద్వారం దగ్గర సుంకం కట్టబోతే భటుడు ఒక కాసు చూసి గట్టిగా ఈల వేశాడు. రాజుగారి బొమ్మ మెడకు అడ్డంగా గీత ఉంది. పన్నెండింటి మీదా ఉంది. తామ్రకూటంలో దాన్ని ముఖద్రోహం అంటారు. నాణెం మీది రాజు ముఖాన్ని గీసినవాడి చెయ్యి తీసెయ్యాలని శాసనం. ఆ కాసులు తాను అధిపతిగారి వంటశాలలో పుచ్చుకున్నవేనని మకరందిక మొత్తుకుంది. తాను ఇచ్చినవి మచ్చలేని కాసులని వంటశాల అధికారి ప్రమాణం చేశాడు. ఉప్పు సెట్టి మాటకూ అధిపతి ఇంటివాడి మాటకూ తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

ధర్మాధికారి నాగదత్తుడు అరుగు మీద కూర్చున్నాడు. కళ్ళకు పొరలు కమ్మి చాలాకాలమైంది. మనుషుల్ని గొంతునుబట్టి పోల్చుకునేవాడు. పక్కనే దంతపు పీట మీద ధూమకేశుడు. వాడి జుట్టు బూడిద రంగులో భుజాల దాకా వేలాడుతోంది. అంత ఎండలో వాడి నుదుట ఒక్క చెమట బొట్టు లేదు.

దిమ్మ దగ్గర తలారి గంటన్న నిలబడి ఉన్నాడు. తాటిబోదెలాంటి మనిషి. మకరందికను కట్టినప్పుడే అతను రాయి కాలుతోందని గమనించి ఆమె మణికట్టు కింద తడిగుడ్డ పరిచాడు. చెంబు తానే ఎత్తి పట్టి నీళ్ళు తాగించాడు. నరకబోయే చెయ్యికి పరుపెందుకని భటులు నవ్వారు. గంటన్న పట్టించుకోలేదు. గాయానికి పొయ్యాల్సిన నూనె మరీ సలసల కాగకుండా మంట తగ్గించి వచ్చాడు.

సారంగుడు జనంలో ఒక్కచోట నిలవలేకపోతున్నాడు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. చేతిలో పలుపుతాడు ఉంది, ఎద్దులు ఎక్కడున్నాయో తెలియదు. నిందితుడి తరఫున ఒక షరాబు వచ్చి సాక్ష్యం చెప్పవచ్చని శాసనంలో ఉంది. ధూమకేశుడికి భయపడి ఊళ్ళో షరాబులంతా ఆ పూట తలుపులు మూసుకున్నారు. సారంగుడు నోరు విప్పితే వేషం పోతుంది. అతని తండ్రి ఒకప్పుడు ఈ కమ్మటంలోనే అచ్చులు చెక్కి, ధూమకేశుడికి మాత్రం చెక్కనని వెళ్ళిపోయినవాడు. ఆ ఇంటివాడి కోసం మాంత్రికుడు ఏడాదిగా వెతికిస్తున్నాడు. మకరందిక దిమ్మ దగ్గర నుంచే అతని ఆలోచన కనిపెట్టి వద్దని తల ఊపింది. సారంగుడు అది చూశాడు. చూసి కూడా జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

తనకు నాణేల సంగతి తెలుసనీ, సాక్ష్యం చెప్పనివ్వమనీ అడిగాడు. భటులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు.

"ఒరే, ముందు ఎద్దుల పళ్ళు లెక్కపెట్టుకోవడం నేర్చుకో," అన్నాడు బుర్రమీసాల భటుడు ఒకడు. "మీ సెట్టి చెయ్యి పోయాక పలుపులు నువ్వే పట్టుకోవాలి."

నాగదత్తుడు చెయ్యెత్తి వాళ్ళను ఆపి, ఎవరి దగ్గర నేర్చావని అడిగాడు. సారంగుడు తండ్రి పేరు చెప్పాడు. కమ్మటీల గుంపులో తేనెటీగలు రేగినట్టు చప్పుడైంది. ధూమకేశుడు పీట మీద కొద్దిగా ముందుకు వంగాడు. ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువు గుమ్మంలో కనిపించినట్టు చూశాడు.

నీడ దిమ్మకు రెండు జానల దూరంలో ఉంది.

సారంగుడు ముందు భటులను తలా ఒక కాసు ఇమ్మన్నాడు. ఎవరూ మొల తడుముకోలేదు. చివరికి ధర్మాధికారి గద్దించాక బుర్రమీసాలవాడు ఒకటి తీసి ఇచ్చాడు. సారంగుడు దాన్ని ఎండకు తిప్పి, రాజుగారి ముక్కు మీదుగా గీత ఉందని చెప్పాడు. బుర్రమీసాలవాడి మొహం సున్నం కొట్టినట్టయింది. తన చేతిని చంకలో దాచుకున్నాడు.

సారంగుడు ఆ కాసు తీసుకెళ్ళి నాగదత్తుడి అరచేతిలో పెట్టి, చూపుడువేలితో తడమమని కోరాడు.

"లేచి ఉంది," అన్నాడు నాగదత్తుడు కాసేపటికి. "గట్టులా తగులుతోంది."

అప్పుడు సారంగుడు అందరికీ వినిపించేట్టు వివరించాడు. అచ్చు ఇనుముది. వేల దెబ్బలు తిన్నాక దానికి పగులు వస్తుంది. ఆ పగుల్లోకి రాగి పొంగుతుంది. అందుకే కాసు మీద గీత గట్టులా లేస్తుంది. అలా లేచిన గీత పుట్టుకతో వచ్చింది, అది కమ్మటం తప్పు. గోరో, కత్తో, తలుపు గొళ్ళెమో గీసిన గీత అలా కాదు. అక్కడ రాగి చీలి గాడి పడుతుంది. దిగిన గీత కాసు బయట లోకంలో తిన్న దెబ్బ. ఈ భటుడు పాపం ఏ తప్పూ చెయ్యలేదు, పగిలిన అచ్చు కింద పుట్టిన కాసు అతని వాటాకు వచ్చిందంతే.

బుర్రమీసాలవాడు చంకలోంచి చెయ్యి తీసుకుని వేళ్ళన్నీ ఆడించి చూసుకున్నాడు. దానితో మిగిలినవాళ్ళకు ధైర్యం వచ్చి కాసులు వరసగా బయటికొచ్చాయి. ఒకదాని మీద రాజుగారి సగం మొహమే ఉంది. దెబ్బ పడేటప్పుడు అచ్చు కింది రాగి బిళ్ళ పక్కకు జారిందనీ, అదీ కమ్మటం తప్పేననీ సారంగుడు చెప్పాడు. ఇంకోదాని మీద చెంపలు చదునైపోయాయి. అచ్చు సరిగా దిగలేదేమోనని ఒక కమ్మటీ అడిగాడు. కాదు, అచ్చు దిగకపోతే ఆ చోట బిళ్ళ గరుకు అలాగే మిగిలి ఉంటుంది, ఇక్కడ నున్నగా ఉంది, దేనితోనో రాసుకుని అరిగింది అన్నాడు సారంగుడు.

"మా ఆవిడ తాళాలగుత్తితో కలిపి మూట కడుతుందండి," అని ఆ కాసుగల భటుడు ఒప్పుకున్నాడు. జనం నవ్వారు.

ఆ నవ్వులోనే సారంగుడు పన్నెండు కాసుల సంచీ అందుకున్నాడు. మొదటి కాసు బయటికి తీసి, గీత మీద బొటనవేలు పెట్టాడు.

గీత దిగి ఉంది.

రెండోది తీశాడు. దిగి ఉంది. మూడోదీ అంతే. అతని వేలు మంచుముక్కను తాకినట్టు వెనక్కి వచ్చింది. అచ్చు పగిలి ఉంటుందనీ, గీత లేచి ఉంటుందనీ నమ్మి అతను ఇంత దూరం మాట్లాడాడు. దిగిన గీత లోకంలో తిన్న దెబ్బ అని ఇప్పుడే, ఇంతమంది ముందు, తన నోటితో తానే చెప్పాడు.

ధూమకేశుడు లేచి నిలబడి షరాబుగారికి నమస్కారం పెట్టాడు. గీసినవాడు ఎవరో తేలక ధర్మాధికారి ఇబ్బంది పడుతున్నారనీ, ఎద్దులవాడు ఆ బరువు దించాడనీ అన్నాడు. నాగదత్తుడు తానూ ఒక కాసు తడిమి, నిట్టూర్చి, పక్కన పెట్టాడు.

నీడ జానెడు దూరంలోకి వచ్చింది. గంటన్న కత్తి చేతిలోకి తీసుకుని, అంచు మీద వేలు రాసి, పెదవి విరిచాడు.

"పదును చాలదు బాబూ," అన్నాడు ధర్మాధికారితో. "మొద్దు కత్తితో కొడితే ఎముక నలుగుతుంది. నాకు పాపం చుట్టుకుంటుంది. రెండు రుద్దులు రుద్దుకోనివ్వండి."

ఆ కత్తి పదును తెల్లవారుజామునే చూసుకున్నాడని దగ్గరున్న కమ్మటీలందరికీ తెలుసు. గంటన్న సానరాయి ముందు చతికిలబడి, చంటిబిడ్డకు ఒళ్ళు రుద్దినంత నిదానంగా రుద్దడం మొదలుపెట్టాడు.

సారంగుడు కాసులను బండ మీద వేసి మోత వింటానని అడిగాడు. రాజు ముఖం నేలకు తగలకూడదని నాగదత్తుడు ఒప్పుకోలేదు. ఒకదానితో ఒకటి కొడతానంటే అదీ కుదరదన్నాడు. ఇక మిగిలింది వేలు ఒక్కటే. సారంగుడు కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటి కాసు పట్టుకున్నాడు. గీత ఎడమచెవి కింద మొదలైంది. మెడ దాటింది. చివర పాము నాలుకలా రెండుగా చీలింది. చీలిన చోట ఆవగింజలో సగమంత రాగి పొక్కు. కత్తి ఆగినచోట పోగైన రాగి అది.

రెండో కాసు పట్టుకున్నాడు. ఎడమచెవి కింద మొదలు. చివర చీలిక. చీలికలో పొక్కు.

మూడోదీ, నాలుగోదీ తొందరగా తడిమాడు. పన్నెండింటిలోనూ చీలిక అక్కడే, పొక్కు అక్కడే. అతను వాటిని నాగదత్తుడి ఒళ్ళో వరసగా పేర్చి, ఒకదాని తరువాత ఒకటి తడమమన్నాడు. ముసలాయన వేలు మొదట తొందరగా నడిచింది, తరువాత నెమ్మదించింది, చివరి కాసు దగ్గర నిలిచిపోయింది.

సారంగుడు గంటన్నను పిలిచి, రాజ్యంలో ఇతని కంటే స్థిరమైన చెయ్యి ఎవరికైనా ఉందా అని అడిగాడు. లేదన్నారు. దిమ్మ అంచున రెండు గాట్లు పెట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉండాలి అన్నాడు. గంటన్న ఊపిరి బిగబట్టి ఒకటి, దాని పక్కన ఇంకొకటి గీశాడు. వంగి చూసి తల అడ్డంగా తిప్పాడు.

"ఇరవై ఏళ్ళుగా కొడుతున్నాను బాబూ. నా చేతికి రెండు దెబ్బలు ఒక్కలా ఎప్పుడూ పడలేదు."

"పన్నెండు ఎలా పడతాయి?" అన్నాడు సారంగుడు. "గాటు ఏ కాసుకు ఆ కాసుదే. ఒకదాని గాటు ఇంకోదాని మీద ఉండదు. నిజంగా గాటు తిన్న కాసు ఎక్కడో ఒక్కటే. దాన్ని ఎవరో మెత్తటి మట్టిలో ఒత్తి మూస తీశారు. ఆ మూసలో కరిగిన రాగి పోసి ఇవన్నీ తీశారు. పని మీద చూపు నిలపనివాడు రాజుగారి మొహంతోపాటు గాటును కూడా మూసలోకి దించుకున్నాడు. ఇవి సమ్మెట కింద పుట్టినవి కావు. ఇవి కాసులే కావు."

కమ్మటీలు ముందుకు తోసుకొచ్చారు. వాళ్ళ పెద్ద ఒక కాసు పట్టుకుని అంచు కొరికి, ఉమ్మేసి, పోత సొమ్మేనని బిగ్గరగా చెప్పాడు.

నాగదత్తుడు ఇక ఆలస్యం చెయ్యలేదు. మూస ఎవరిదో తేలాలన్నాడు. మకరందిక, ఆ కాసులు తనకు అధిపతిగారి ఇంట్లోనే వచ్చాయని గుర్తుచేసి, ఆయన మొలలో సంచీ విప్పించమని కోరింది. ధూమకేశుడు ఎవరూ ముట్టకముందే సంచీ తానే తెంపి అరుగు మీదికి విసిరాడు. నలభై కాసులు దొర్లాయి. నలభై కాసుల మీదా రాజు మెడకు అదే గీత, అదే పాము నాలుక.

"నావే," అన్నాడు. "మీ ముసలి రాజు మొహాన్ని ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ కూర్చునే తీరిక నాకు లేదు."

వాడు తాపీగా అరుగు దిగి వచ్చాడు. గంటన్న అప్పటికే మకరందిక కట్లు కోసేశాడు. ఆమె మణికట్టు రుద్దుకుంటూ పక్కకు జరిగింది. ధూమకేశుడు ఆ తడిగుడ్డ తీసి పారేసి, తన కుడిచెయ్యి దిమ్మ మీద తానే చాచాడు. కంబం నీడ వచ్చి ఆ చేతి మీద పడింది. శాసనం అందరికీ ఒకటేనని నాగదత్తుడు అన్నాడు. గంటన్న కత్తి ఎత్తి దించాడు.

గుడిగంట పగిలినట్టు ఖంగుమని మోగింది.

నెత్తురు రాలేదు. మణికట్టు దగ్గర గుండ్రటి బోలు కనిపించింది, లోపల చీకటి, అందులోంచి సన్నటి పొగ. ఏడాదిగా తాము దణ్ణాలు పెడుతున్నది ఒక పోతబొమ్మకని కమ్మటీలకు అప్పుడు తెలిసింది. ఆ బొమ్మ ఒకసారి నవ్వి, నిలువునా ఊగి, అటక మీది బిందె జారినట్టు నేల మీద పడి ముక్కలైంది. జనం కేకలు పెడుతూ గోడల వైపు పరిగెత్తారు.

తెగిన చెయ్యి మాత్రం చావలేదు. దిమ్మ మీద వేళ్ళతో లేచి నిలబడింది. అరుగు మీది నలభై కాసులూ, నాగదత్తుడి ఒళ్ళోని పన్నెండూ ఒక్కసారిగా కరిగి, చీమలబారులా నేల మీద పాకి ఆ చేతిలో కలిశాయి. చెయ్యి ఉబ్బింది, ఎర్రబడింది, ఎగిరి మకరందిక కుడి మణికట్టును పట్టుకుంది. ఇప్పుడే కట్లు ఊడిన ఆ మణికట్టునే.

సారంగుడు కొలిమి పట్టకారు లాక్కుని పరిగెత్తాడు. రాగి వేళ్ళ మధ్య దూర్చి విడదీయబోయాడు. పట్టకారు వంగింది, వేళ్ళు వంగలేదు. గంటన్న కత్తి ఎత్తాడు కాని ఎక్కడ కొట్టినా ముందు తెగేది ఆమె చెయ్యే. అతను కత్తి దించేశాడు. ఈలోగా ఆ రాగి చెయ్యి ఆమెను బరబరా ఈడ్చుకుంటూ కమ్మటం లోపలికి, కొలుముల వరసలోంచి, వెనక గుమ్మం వైపు లాగుతోంది. దాని ఒళ్ళు అంతకంతకూ వేడెక్కుతోంది. మకరందిక తలపాగా ఊడి, జడ వీపు మీద పడింది. చూసినవాళ్ళు చూశారు.

"నీళ్ళు," అని అరిచాడు గంటన్న వెనకనుంచి. "కాలవ బాబూ, కుడివైపు."

కాలిన నాణేలు చల్లార్చే కాలవ కమ్మటం వెనకే పారుతోంది. సారంగుడు ఆమె నడుము పట్టుకుని ఒక్క గెంతులో ఇద్దరూ దానిలో పడేట్టు దూకాడు. బుస్సుమని ఆవిరి లేచింది. రాగి చెయ్యి నల్లబడింది, చల్లారింది, కాని పట్టు వదల్లేదు. నీళ్ళలో చేపలా తిరిగి, ప్రవాహానికి ఎదురుగా ఉత్తరానికి ఈదసాగింది.

సారంగుడు తల పైకెత్తి ఊపిరి పీల్చుకుని, నొప్పిగా ఉందా అని అడిగాడు.

"ఉంది," అంది మకరందిక పళ్ళ బిగువున. "చెయ్యి ఉంది కాబట్టే ఉంది."

అతను వంగిపోయిన పట్టకారును మళ్ళీ ఆ వేళ్ళ మధ్య పెట్టబోయాడు. ఆమె ఎడమచేత్తో ఆపింది.

"ఊడదీయకు సారంగా. ఒళ్ళు పోయిన చెయ్యి ఇది. తనను పోసిన మూస దగ్గరికే పోతుంది. మూస ఉన్నచోట అసలు ధూమకేశుడుంటాడు. వాడున్నచోట మా తమ్ముడుంటాడు."

ఊరు దాటేసరికి వెనక గట్టు మీద గుర్రాల డెక్కలు వినిపించాయి. రాజు ఇంకా మాంత్రికుడి కట్టులోనే ఉన్నాడు, కోట సైన్యం బయల్దేరింది. మొదటి బాణం వచ్చి వాళ్ళకు మూరెడు దూరంలో నీళ్ళలో గుచ్చుకుంది. ఎదురుగా కాలవ ఒక కొండ కిందినుంచి బయటికొస్తోంది. ఆ సొరంగం నోట్లో గాలి ఆడేంత సందు లేదు, నీళ్ళు పైకప్పును అంటుకుని పారుతున్నాయి. రాగి చెయ్యి వేగం తగ్గించలేదు.

సారంగుడు పట్టకారు వదిలేసి ఆమె రెండో చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. రెండో బాణం గాల్లో ఉండగానే నీళ్ళు వాళ్ళ తలల మీద మూసుకున్నాయి.